ఇప్పచెట్టు దాటిన బండి

అప్పలనరసమ్మకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. చీపురుపల్లి దగ్గర పల్లెలో పుట్టి, ఇనుప గనిలో పనిచేసే సత్యమూర్తిని చేసుకుని అడవి కొండల నడుమ ఉన్న బచేలి గని క్వార్టర్లకు కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె ఒక్కచోట ఉండగా చూసినవాళ్లు లేరు. మొగుడు షిఫ్టుకు వెళ్లగానే ఎవరింట్లో జ్వరం ఉందో కనుక్కుని మిరియాల చారు కాచి పట్టుకెళ్లేది. పక్కింటి పిల్లలకు జడలు తనే వేసేది. అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి అప్పగించిన పని ఏమిటయ్యా అంటే, చెట్టు కింద కూర్చోవడం.

అది ఆసుపత్రి వరండాలో మొదలైంది. కొండ వెనక ఊరి నుంచి వచ్చిన ఒక తల్లి, నర్సు హిందీలో ఏం చెబుతోందో అర్థంకాక, జ్వరంతో ఉన్న బిడ్డను తిరిగి చంకనేసుకుని వెళ్లిపోబోయింది. చింతపండు అమ్ముకునే నందే అక్కడే ఉంది. నందే కోంటా వైపు దోర్ల తెగ మనిషి. గోండీ, తెలుగు, హిందీ మూడూ ఆమె నోట నీళ్లలా పారతాయి. ఆమె ఆ తల్లికి మాట చెప్పింది, అప్పలనరసమ్మ నర్సుతో పోట్లాడింది, బిడ్డ బతికింది. తర్వాత మరికొందరు ఆడవాళ్లు కలిశారు. తోడు సమితి అని పేరు పెట్టుకున్నారు. కొండ ఊళ్లలో జబ్బుపడ్డవాళ్లను ఆసుపత్రికి తీసుకురావడం, పక్కన కూర్చోవడం, మళ్లీ దిగబెట్టడం వాళ్ల పని.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. ఊరి పొలిమేరలో ఇప్పచెట్టు ఉంటుంది. అక్కడ ఆగాలి. మేకలు కాసేవాళ్లు ఎవరో చూస్తారు, కబురు లోపలికి పోతుంది, పెద్ద ఎవరో వచ్చి పిలుస్తారు. అప్పుడే లోపలికి అడుగు. ఒక్కోసారి ఎండ నడినెత్తి నుంచి వాలిపోయేదాకా ఎవరూ రారు. మొదట్లో అప్పలనరసమ్మ గొణిగితే నందే ఒకటే మాట అంది: "పిలవని పేరంటానికి పోతారా ఏందమ్మా మీ ఊళ్ల?"

ఆ ఊళ్ల భయం ఊరికే పుట్టలేదు. పిలవకుండా బండి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక మనిషి తగ్గాడు. ఎవరి బండి, ఎటు పోయింది అని అక్కడ ఎవరూ పైకి అడగరు. పోలీసులు ఒక పక్క, అడవిలో తుపాకులవాళ్లు ఇంకో పక్క; ఒకరిని అడిగినవాళ్ల కోసం రెండో పక్కవాళ్లు వస్తారు. ఇప్పుడు రోడ్లు పడ్డాయి, రోజులు మారాయంటున్నారు. మారి ఉండొచ్చు. భయం మాత్రం తారు పోసినంత తొందరగా పోయేది కాదు.

అలా ఉండగా బచేలి మున్సిపాలిటీ, అదే నగర పాలిక వాళ్లు చిన్న చిన్న సమితులను బలపరచడానికి గ్రాంటు ఇస్తామన్నారు. కూర్చోవడానికి గది, మనుషులకు శిక్షణ, తిరగడానికి బండి. బలం ఎవరికి చేదు? రాయ్‌పూర్ నుంచి సంజయ్ అనే కుర్రాడు శిక్షణకు వచ్చాడు. మర్యాదస్తుడు, ఆమెను ఆంటీ అనేవాడు. మీ పనిలో ఎక్కువ సమయం ఎక్కడ పోతోందని అడిగాడు. చెట్టు కింద అన్నారు. "దాన్ని కొంచెం తగ్గించలేమా ఆంటీ?" అన్నాడు.

ఆ కుర్రాడికి తెలియదు. తెలిసిన మనిషి అతని ఎదురుగానే కూర్చుని ఉంది. ఎందుకు తగ్గించలేమో నాలుగు ముక్కల్లో చెప్పి ఉండొచ్చు. కానీ తన మోకాళ్లు ఏనాటి నుంచో అంటున్న మాట చదువుకున్నవాడి నోట వినేసరికి ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. తగ్గిద్దాం బాబూ అంది.

తెల్ల బొలెరో ఒకటి వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌దే అయినా దిట్టంగా ఉంది. వెనక అద్దం మీద చిన్నగా పేరుంటే చాలన్నారు పాలికవాళ్లు. ఈవిడ ఊరుకుంటేనా! పెయింటర్‌ని పిలిపించి రెండు తలుపుల మీదా సర్కారు ముద్ర పళ్లెమంత వేయించింది. ఇన్నాళ్లూ ఆసుపత్రిలో వార్డుబాయి దగ్గర కూడా బతిమాలుకున్న మనిషి. ఇకమీదట ఎవడు కాదంటాడో చూద్దామనుకుంది. నందే బండి చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి వేయకుండా పక్కకు వచ్చి నిలబడింది.

అప్పటికి కొండ మీది ఒక ఊళ్లో జోగి అనే పిల్లకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పులో బిడ్డ పోయింది. ఈసారి బిడ్డ అడ్డం తిరిగి ఉందని, నొప్పులు రాకముందే తీసుకురమ్మని, ఇంట్లో కాన్పైతే ఇద్దరూ దక్కరని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. జోగి మొగుడు కేసాను ఒప్పించడానికే ఎంతో శ్రమైంది. సోమవారం వస్తాం, చెట్టు దగ్గర ఉంటాం, నువ్వొచ్చి పిలువు అని ఒప్పందం. జోగి ఆ రోజు అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. నీ బిడ్డను నేనే ఎత్తుకుంటానే తల్లీ అని ఈమె మాటిచ్చింది.

ఆదివారం సంత నుంచి నందే త్వరగా వచ్చేసింది.

"ఏందో మంచిగ లేదమ్మా. కొండ మీదోళ్లు ఒక్కరు నాతోని మాట్లాడలే. జోగి అత్త నన్ను జూసి ముఖం తిప్పుకుంది. ఆ బండి ఎవరిదని అడుగుతున్నరంట. రేపు నడిచే పోదాం."

"నిండు మనిషిని నడిపించి తెస్తావేటే? ఆలస్యం అమృతం విషం. నువ్వు మరేటీ మాటాడకు."

సోమవారం పొద్దున్నే డ్రైవర్ మంగల్‌తో కలిపి ముగ్గురూ బయలుదేరారు. దారిలో ఇప్పపువ్వు ఏరేవాళ్లు కనబడాల్సిన కాలం. చెట్ల కింద పువ్వు రాలినది రాలినట్టే ఉంది. ఒక్క బుట్ట లేదు. పొలిమేర చెట్టు దగ్గరా ఎవరూ లేరు, మేకలు కాసేవాళ్లు కూడా.

"ఆపు మంగల్," అంది నందే.

కేసా ఎందుకు రాలేదు? అప్పలనరసమ్మ సీట్లో ముందుకు వంగింది. "ఆ పిల్లకి నెప్పులొచ్చీసినాయేమో! ఆపకు బాబూ, గుమ్మం కాడికే పోనీ," అంది.

"వద్దమ్మా!"

"నెప్పులొస్తే నువ్వు పోస్తావేటి పురుడు?"

బండి చెట్టు దాటింది.

ఊళ్లోకి వెళ్లాక మంగల్ ఇంజను కట్టేశాడు. ఏ గుమ్మంలోనూ మనిషి లేడు. ఒక ఇంటి ముందు పొయ్యి మీద జావ పొంగి నిప్పుల్లో పడుతోంది. వాకిట ఆరబోసిన ఇప్పపువ్వును మేకలు తింటున్నాయి, అదిలించేవాళ్లు లేరు. ఏ ఇల్లాలూ కళ్లముందు అలా జరగనివ్వదు. నందే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"జోగీ!" అని అరిచింది అప్పలనరసమ్మ. "కేసా! నేనురా!"

ఆమె గొంతే అడవి అంచు దాకా వెళ్లి ఆగిపోయింది. జోగి గుడిసెలో చాప పరిచి ఉంది. కుండ దొర్లిపోయి నేలంతా తడి. తడిలో పాదాల గుర్తులు వెనక దడి వైపు, అడవి వైపు వెళ్లాయి. నిండు మనిషి పాదాలు, మడమలు లోతుగా దిగబడ్డాయి. అప్పుడు ఆమెకు అర్థమైంది. ఊరు ఊరంతా తనను చూసి పారిపోయింది.

చాలాసేపటికి చెట్ల మధ్య నుంచి కేసా వచ్చాడు. దగ్గరకు రాలేదు. ఏటా మిరపకాయ కోతకు భద్రాచలం వైపు పోతాడు కాబట్టి తెలుగు వచ్చు.

"బండిల ఇంకెవరున్నరు?"

"ఎవరూ లేరు నాయనా, మేమే. జోగేదీ?"

"ఉరుకుతుంటే వాగుల పడ్డది. నొప్పులైతున్నయ్. అరుస్తాంది."

"పద, పద! నానొస్తాను, బండి కాడికి మోసుకొచ్చీద్దాం..." అని ఆమె అడుగు వేసింది.

కేసా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆ ముఖంలో కోపం లేదు. కోపమున్నా ఆమె భరించేది.

"నువ్వు రాకమ్మా. నువ్వొస్తాంటే ఆల్లు జోగిని ఎత్తుకోని ఇంకా లోపటికి పోతరు."

ఆమె అక్కడే నిలబడిపోయింది. నందే చెప్పులు విడిచి కేసా వెంట నడిచింది. నందేను పోనిచ్చాడు. నాలుగడుగులు వేశాక అతను మళ్లీ తిరిగాడు.

"బండి స్టార్ట్ చెయ్యకుండ్రి. ఆ చప్పుడింటే జోగి మల్ల లేచి ఉరుకుతది."

మంగల్ తాళం జేబులో వేసుకుని, తలుపు తెరిచి ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకున్నాడు. అప్పలనరసమ్మ వెనక్కి వెళ్లి బండికి భుజం ఆనించింది. ఇసుక నేల, చక్రాలు అంగుళం అంగుళంగా కదిలాయి. ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సిన బండిని చప్పుడు కాకుండా, దొంగసొమ్ములా, ఊరి బయటికి తోస్తున్నారు. అడవిలో ఎక్కడో ఒక ఆడమనిషి కేక వేసింది. ఆగి, మళ్లీ వేసింది. అది జోగి గొంతని ఆమెకు తెలుసు. అటు పరిగెత్తాలని ఒళ్లంతా లాగుతోంది. పరిగెత్తకూడదు. ఏడుపు బయటికి రాకుండా పైట నోట్లో కుక్కుకుని బండిని తోస్తూనే ఉంది. ఇంకొంత దూరం వెళ్లాక కేక వినబడటం మానేసింది. దూరమైనందువల్లనో, మరెందువల్లనో వెనక్కి వెళ్లి తెలుసుకునే దారి ఆమెకు లేదు.