క్లారినెట్ ఆగిన చోటు

నిన్న ఎమ్మిగనూరులో ఒక పెళ్లి. కీబోర్డు మీద వస్తున్న పాట వినగానే నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆదోనిలో నాతో చదివినవాళ్లకు గుర్తుందా, మా నాన్న బ్యాండు మాస్టరు? పెళ్లికీ చర్చికీ పీర్ల పండక్కీ ఆయనే వరసలు కట్టి, ఎర్ర అట్ట పుస్తకంలో రాసి, చెయ్యి ఊపి వాయింపించేవాడు. ఆయన పోయాక ఆ పుస్తకం కనిపించలేదు.

"ఈ వరస యాడ నేర్చుకుంటివప్పా?" అని కీబోర్డాయన్ని అడిగాను.

"యాడా ల్యాదక్కా, నా సొంతమే," అన్నాడు, నా మొహం చూడకుండా.

"అయితే ఇంగోసారి వాయించు."

నాన్న బ్యాండులో క్లారినెట్ వాయించే ఖాదర్ మామకు ఆయాసం. ఆయన ఊపిరి తీసుకోవాలని నాన్న చరణం మధ్యలో డోలు రెండు దెబ్బలు మాత్రమే ఉంచేవాడు.

కీబోర్డు సరిగ్గా అక్కడే ఆగింది. చెప్పండి, కీబోర్డుకు ఆయాసం ఎందుకొస్తుంది?