సైలెన్సర్ గొట్టం, నేను చెప్పిన చాడీ

మా చిన్నతనంలో ఒక ఎండాకాలం... ముత్తుకూరులో మా ఇంటి ముందర గోనెపట్టా మీద మూడు సైలెన్సర్ గొట్టాలు పరిచి ఉన్నాయి. వాటి ముందర ఇద్దరు పెద్దమనుషులు గొంతుక్కూర్చుని, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు చూస్తా ఉన్నారు. ఒకరు మా నాన్న. రెండో ఆయన మెకానిక్ అబ్రహాం మామ. మామంటే చుట్టం కాదు, మా చర్చి ఆయనే. నాన్నకి చిన్ననాటి జతగాడు.

నాన్నకి రెండు లారీలుండేవి గానీ, పిచ్చంతా కార్ల మీదే. మద్రాసులో ఒక దొర తన దేశానికి పోతా పోతా అమ్మేసిన రెండు సీట్ల పాత కారు కొనుక్కొచ్చినాడు. ఇంజను విప్పించి, రెండు కార్బొరేటర్లు పెట్టించి, మద్రాసు పక్కన పాత విమానాల మైదానంలో జరిగే కార్ల పందేనికి తయారు చేయిస్తా ఉన్నాడు.

అల్లూరు రైసుమిల్లు వాళ్ళబ్బాయి కూడా అదే పందేనికి వస్తున్నాడని తెలిసింది చూడండి... ఆ రోజు నుంచి నాన్నకి ఎవురి మీదా నమ్మకం లేదు. వాకిట్లో ఎవురు నిలబడినా "వీడు మిల్లువాళ్ళు పంపిన మనిషి" అనేవాడు. పాలు పోసే ఆమెను కూడా వదల్లేదు పాపం!

"లావు గొట్టం ఎయ్యి అబ్రహామూ. పొగ సులువుగా పోద్ది" అన్నాడు నాన్న.

"లావుదేస్తే మోత మోగద్దిగానీ, మొదట్లో బండి లాగదన్నా. ఇంజనుకి కొంచెం బిగువుండాల" అని అబ్రహాం మామ నడిమి సైజు గొట్టం తీసినాడు.

నాన్న సరే అన్నాడు. కానీ లోపలికొచ్చి నన్ను పిలిచి, "నేను లారీల పని మీద పోతా ఉండా. నువ్వు అరుగు మీద కూర్చో. వాడేం చేసినా చూసి నాకు చెప్పాల" అన్నాడు. తొమ్మిదేళ్ళ దాన్ని... నాకు ఎంత గొప్పో! పోలీసు ఉద్యోగం వచ్చినట్టే కూర్చున్నా.

మామ గొట్టాన్ని తాత్కాలికంగా కట్టి, ఇంజను వేసి, కళ్ళు మూసుకొని విన్నాడు. ఆపినాడు. దారంతో కొలిచినాడు. మళ్ళీ వేసి విన్నాడు. చివరికి రంపం తీసి గొట్టాన్ని జానెడు కోసేసినాడు. ఆ కోసిన ముక్కను తువ్వాల్లో చుట్టుకొని, సైకిలెక్కి పోయినాడు.

రాత్రి నాన్న రాగానే చెప్పేసినా. "గొట్టం కోసినాడు నాన్నా. ముక్క తువ్వాల్లో దాచుకొని, అటూ ఇటూ చూసి పోయినాడు."

కోసింది నిజం. తీసుకుపోయింది నిజం. అటూ ఇటూ చూసినాడన్నది మాత్రం నేను కలిపిన మాట. ఎందుకు కలిపినానో ఇప్పటికీ తెలీదు. పోలీసు ఉద్యోగం గదా... దొంగ లేకపోతే ఎట్లా!

నాన్న నన్ను కూడా తీసుకొని నేరుగా వాళ్ళింటికి పోయినాడు. మామ, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు అన్నాలు తింటా ఉన్నారు.

"ముక్క యాడ?"

"నెల్లూరులో ఇనుము చెక్కే లేతు మిషను దగ్గర ఇచ్చినానన్నా. దాని కొలతకి రింగు చేయించాల."

"కొలత లేతుకే ఇచ్చినావా, మిల్లువాళ్ళకి కూడా ఇచ్చినావా? ఎంతకి అమ్ముడుపోయినావు?"

మామ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసినాడు. పిల్లలు ఆయన మొహంలోకే చూస్తా ఉన్నారు.

మర్నాడు నెల్లూరు పోయి, మధ్యాహ్నానికి మా ఇంటికి వచ్చినాడు. కొత్త రింగు తెచ్చినాడు, ముక్కా తెచ్చి అరుగు మీద పెట్టినాడు. గొట్టం బిగించి, టైరు రబ్బరు పట్టీలతో వేలాడదీసి, పెట్రోలు ట్యూబుకి తగలకుండా రెండుసార్లు చూసి, చేతులు కడుక్కొని పోయినాడు. అమ్మ ఇచ్చిన కాఫీ ముట్టలేదు.

నాన్న కారు మనుబోలు దాకా తోలుకొని తిరిగొచ్చినాడు. బాణంలా లాగిందంట. దిగినాక మాత్రం ఆయన మొహంలో సంతోషం లేదు.

ఆ నెల బల్ల ఆదివారం వచ్చింది, అంటే చర్చిలో అందరికీ ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. ఎవురితోనైనా కోపం ఉంటే సమాధానపడి గానీ ప్రభువు బల్లలో చెయ్యి పెట్టకూడదని మా చర్చిలో కట్టుబాటు. రొట్టె పళ్ళెం వరస వెంట వచ్చింది. నాన్న తీసుకున్నాడు. అబ్రహాం మామ తీసుకోకుండా పక్కాయనకి ఇచ్చేసినాడు.

అందరూ చూసినారు. ఆడోళ్ళ వైపు గుసగుసలు... "అబ్రహాం ఏం పాపం చేసినాడో!" అని. నిజాయితీగా ఆగిన మనిషి మీదే అనుమానం. అనుమానించిన మా నాన్న మంచోడు. ఇంటికొచ్చి, అటూ ఇటూ చూసినాడన్నది అబద్ధమని ఏడస్తా చెప్పేసినా. నాన్న కొడతాడనుకున్నా. కొట్టలేదు, ఆ పూట అన్నం తినలేదు.

మరుసటి నెల పళ్ళెం వచ్చినప్పుడు నాన్న కూడా తీసుకోలేదు. లేచి, అందరి ముందర మామ దగ్గరికి పోయి, "నేను తప్పు మాట్లాడినాను అబ్రహామూ" అన్నాడు.

మామ తలెత్తి చూసి, మెల్లగా అన్నాడు. "నా పిల్లల ముందర అన్నావన్నా. అక్కడికొచ్చి చెప్పు."

ఆ మధ్యాహ్నమే పోయినాం. నాన్న ఆ ముగ్గురు పిల్లల ముందర నిలబడి, "మీ నాయన ఎవురికీ అమ్ముడుపోలేదు. నేనే తప్పుగా అన్నా" అన్నాడు. నేను కలిపిన అబద్ధం నేనూ ఒప్పుకున్నా. మామ మాకు మజ్జిగ ఇప్పించినాడు. పందెంలో నాన్న నాలుగోవాడిగా వచ్చినాడు, మిల్లు అబ్బాయి కారైతే బయలుదేరనే లేదు. అది ఎవురికీ పట్టలేదు.

తర్వాత మామ మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చినాడు. నవ్వినాడు, కాఫీ తాగినాడు. కానీ పని చేసేటప్పుడు నేను అరుగు మీదికొస్తే, చేతిలో స్పానర్ కింద పెట్టేసి, నేను లోపలికి పోయేదాకా ఊరకే కూర్చునేవాడు.

ఇప్పుడు ఇంటింటికీ కెమెరాలు... పనికొచ్చిన ప్రతి మనిషినీ ఫోన్లో చూస్తా ఉన్నాం. మాట తూలితే వాళ్ళ గడప దాకా పోయి ఒప్పుకొనే వాళ్ళు మాత్రం కనపడటం లేదు. చిన్నప్పుడు మీరు కలిపిన ఒక్క మాట ఎవురి మీదైనా పడిందా? పడుంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కొంచెం ఊపిరాడద్ది.