ఆఖరి బంతికి ఉంచిన పేజీ

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నా వయసువాడు పోయినవాళ్ల గురించి రాస్తే చదివేవాళ్లు ఏడవరు, వీడి వంతు ఎప్పుడా అని చూస్తారు. అదీగాక, నేను ఏది రాసినా మా పక్కింటి కంప్యూటర్ మేడమే తన వెబ్‌సైటులో పెట్టేది. ఇప్పుడు పెట్టే మనిషే లేదు. ఆమె పెట్టకపోతే ఆమె గురించి ఎవరు చదువుతారు అన్న ఆలోచన కుదురుగా కూర్చోనివ్వక, చివరికి కాగితం తీసుకున్నాను.

ఆమె పోయిన కబురు నాకు డబ్బాల్లో వచ్చింది. నాది బటన్ల ఫోను, దానికి తెలుగు రాదు. ఎవరైనా తెలుగులో మెసేజ్ పంపితే అక్షరానికో ఖాళీ డబ్బా చొప్పున వరుసగా పేర్చి చూపిస్తుంది. అలాంటివి వచ్చినప్పుడల్లా ఫోను పట్టుకుని పక్కింటికి పోవడం నా అలవాటు. మేడం దాన్ని తన ఫోనుకు పంపించుకుని చదివి, "కరెంటోళ్లది కాకా, బిల్లు కట్టమంటున్నరు" అనో, "ఎవలో నీకు లోన్ ఇస్తరంట, ఇగ పండుగ చేస్కో" అనో చెప్పేది.

ఆ మధ్యాహ్నం డబ్బాలు కాస్త ఎక్కువే వచ్చాయి. చెప్పులేసుకుని వెళ్లాను. వాళ్ల గేటు దగ్గర అప్పటికే చాలా చెప్పులున్నాయి. అరుగు మీద కూర్చున్న ఆమె భర్త నా చేతిలోని ఫోను చూశాడు. నేను ఎందుకు వచ్చానో ఆయనకు తెలుసు.

"గది నేను పంపిందే కాకా," అన్నాడు. "అందరికి పంపిన. ఆమె పోయింది. పొద్దుగాల, దవాఖానల."

ఆమె చావు కబురు ఆమె చేతనే చదివించుకుందామని వెళ్లానన్నమాట. ఆ ఫోను ఎక్కడ దాచుకోవాలో తెలియక చాలాసేపు పిడికిట్లోనే పట్టుకుని నిలబడ్డాను.

మేడం శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చాలా ఏళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పింది. ఒంట్లో బాగుండక మానేసి ఇంటిపట్టున ఉంది. ఉన్నదంటే ఊరికే ఉన్నదని కాదు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పెద్దవాళ్లను పట్టుకుని, వాళ్ల బతుకులో ఏదో ఒక సంగతి చెప్పించి, దాన్ని తాను కట్టిన సైటులో పెట్టేది. కుండలు చేసిన ఒక ముసలమ్మ, బోర్లు వేసే లారీ వెంట ఊళ్లు తిరిగిన ఒకాయన, జాతరల్లో రంగులరాట్నం తిప్పిన ఇంకొకాయన, ఇలాంటివాళ్లందరికీ అందులో ఒక్కో పేజీ ఉంది. నాకూ ఒకటి ఉంది.

నేను బస్సు కండక్టరుగా చేశాను. బడికి పోయింది తక్కువ. నా చదువంతా ప్రయాణికులు సీట్లలో వదిలేసి పోయిన పేపర్లతో జరిగింది. అందులో ఒక ఇబ్బంది ఉంది. ఇవాళ ఒక పేపరు దొరికితే రేపు ఇంకొకటి దొరుకుతుంది. కాబట్టి సీరియళ్లలో నాకు నడుములు తెలుసు కానీ తలలూ కాళ్లూ తెలియవు. ఫలానా అమ్మాయి బావిలో దూకబోయిందని చదివాను, దూకిందో లేదో ఈనాటికీ తెలియదు. ఈ మాట చెబితే మేడం కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది. నవ్వినా, కంప్యూటరులో ఎంటర్ బటను నొక్కే ముందైనా కళ్లద్దాలు తీయడం ఆమె అలవాటు. ఏం జరుగుతుందో స్పష్టంగా చూడాలని లేదనుకుంటాను.

సరే, సైటు సంగతి. దాన్ని ఉంచిన కంపెనీ మూతపడుతుందని తెలిసి ఇంకో చోటికి మార్చవలసి వచ్చింది. మార్చి తెరిచి చూస్తే తెలుగు లేదు. పేజీ పేజీకీ ఒకటే వరస: నెత్తిన గీతలు పెట్టుకున్న ఇంగ్లిషు అక్షరాలు, వాటి పక్కన జ్వరం కొలిచేటప్పుడు రాసే చిన్న సున్నాలు. కుండల ముసలమ్మకు జ్వరం, రంగులరాట్నం ఆయనకు జ్వరం, నాకూ జ్వరం.

"అన్ని పోయినట్టేనా బిడ్డా?" అని అడిగాను.

"పోలె కాకా. ఇట్ల చెత్త కనవడితె బతికున్నట్టే లెక్క," అంది. "నీ బస్సు హయత్‌నగర్ పోతది. ఎవడో కందుకూరు బోర్డు పెట్టిండు. లోపల జనం మారిన్రా?"

"జనమెందుకు మారుతరు? నన్ను తిడుతరు గాని."

"గంతే. అక్షరాలు లోపల యాడియి ఆడనే కూసున్నయ్. చదివేటోనికి తప్పు బోర్డు చూపెట్టిన్రు. మనం బోర్డు మార్చాలె. జనాన్ని దించొద్దు."

"దించితే?"

అప్పుడు ఆమె నవ్వలేదు. "దించితే ప్రశ్నార్థకాలొస్తయ్. కిటికిలకెళ్లి సీటు మీద దస్తీ ఏస్తరు చూడు, గట్ల. మనిషి ఎక్కకపోతె దస్తీ ఒక్కటే ఉంటది. ఆడ ఎవలు కూసుండాల్నో ఇగ ఎవ్వలు చెప్పలేరు. చెత్త చూసి భయపడకు కాకా. ప్రశ్నార్థకం చూసి భయపడు."

నా సర్వీసులో అలా మిగిలిపోయిన చేతిరుమాళ్లతో మా ఇంట్లో ఏళ్ల తరబడి మసిగుడ్డ కొనవలసిన పని లేకపోయింది. అదెందుకు గుర్తొచ్చిందో తెలియదు. ఆ రోజు మాత్రం వాటి గురించి మొదటిసారి కాస్త బాధపడ్డాను.

మేడం భర్త కూరగాయలు పండించే రైతు. మంచివాడు, కానీ చేయి ఊరుకోదు. ఆమె దవాఖానకు వెళ్లిన ఒక రోజు, తిరిగొచ్చేసరికి కొంత పనైనా తగ్గిద్దామని, నా పేజీకి నేను రాసిచ్చిన చేతిరాత కాగితం నా దగ్గర తీసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నా పేజీలోని చెత్తంతా తీసేశాడు. కాగితం చూస్తూ శుభ్రంగా తెలుగులో మొత్తం కొట్టాడు. సేవ్ నొక్కాడు. పేజీ నిండా ప్రశ్నార్థకాలు వరుసగా నిలబడ్డాయి.

మేడం వచ్చి చూసింది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"చెత్త ఉన్నదని తీసిన," అన్నాడు ఆయన.

"గా చెత్తల్నే మన కాక ఉన్నడు," అంది ఆమె. "గా పేజి ఇంక పాత డబ్బాలనే ఉన్నది. దాంట్ల తెలుగు పట్టది. పాతయేమో నువ్వే పారబోసినవ్, కొత్తయేమో కింద కారిపోయినయ్."

"మల్ల కొడ్త తియ్."

"కాక రాసిన కాగితం ఉన్నది గాబట్టి కొడ్తవు. మా బాపు పేజి అయితె ఏం చూసి కొడ్తుంటివి?"

ఆయన కాగితం మడిచి తిరిగి నా చేతిలో పెట్టాడు.

వాళ్ల బాపుది కందుకూరు దగ్గర ఊరు, వ్యవసాయం. చివరి రోజుల్లో కూతురింట్లో ఉన్నాడు. ఆయన అందరిలా చెప్పి రాయించుకోలేదు. తానే ఆ కంప్యూటరు ముందు కూర్చుని, ఒంటి వేలితో, కోడి గింజలు ఏరుకున్నట్టు ఒక్కో అక్షరం ఏరుకుంటూ నేరుగా సైటులోనే కొట్టాడు. దానికి కాగితం లేదు, ఇంకెక్కడా నకలు లేదు. బావి ఎండిపోయిన ఏడాది గురించి రాశాడని మేడంకు గుర్తుంది. మాటలు గుర్తులేవు. "ఎప్పుడంటె అప్పుడు చదువుకోవచ్చు గదా అని ఒక్కసారే చదివిన కాకా," అనేది. ఆ తర్వాత ఆయన పోయాడు.

ఆమె పొద్దున పూట, ఒంట్లో ఓపిక ఉన్నంతసేపు, పేజీలు బాగుచేసేది. అందుకు ఒక చిన్న ప్రోగ్రాము రాసుకుంది. ఒక్కసారి నడిపితే అన్నీ బాగవుతాయనుకున్నాను. అలా కాదట. కొన్ని పేజీలకు బోర్డు ఒకసారి మారిందట, కొన్నింటికి రెండుసార్లు, కొన్నింటికి సగం దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి. అందుకని ఏ పేజీకి ఆ పేజీ చూసుకోవాలి. "ముందుగాల నకలు తియ్యాలె. చెయ్యి నకలు మీద పెట్టాలె. అసలు మీద కన్ను తప్ప ఏం పెట్టొద్దు," అని ప్రతిసారీ అనేది, పక్కన ఎవరూ లేకపోయినా అనేది.

పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడానికి ఆమెకు ఒక మాట ఉంది: పచ్చిపులుసు. సైటులో ఒక పేజీలో ఆ ఒక్క మాటే కొట్టి పెట్టుకుంది. అది సరిగ్గా కనబడితే ముందుకు పోయేది. ఎవరో దూరాన ఉన్నావిడ ఆ పేజీ చూసి, ఎలా చేయాలో కూడా రాయండి అని అడిగిందట. మేడం రాసి పంపింది కూడా, ఉల్లిగడ్డ సన్నగా తరగాలని.

కుండల ముసలమ్మ పేజీ బాగైన రోజు ఫోను చేసి ఆమెకు చదివి వినిపించింది. అటునుంచి ముసలమ్మ అంతా విని, "గిది నేను చెప్పిందే గదా, మల్ల నాకెందుకు చెప్తున్నవ్?" అంది. ఫోను పెట్టేసి మేడం నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

ఆమె అలసిపోవడం నాకు కనబడుతూనే ఉంది. చాయ్ చల్లారిపోయేది, కప్పు ఎత్తడానికి ఓపిక చాలేది కాదు. అప్పుడే అడిగాను: "మీ బాపుది ముందు చేస్కోరాదు బిడ్డా?"

"పెండ్లిల ఇంటోళ్లు ఏ బంతిల కూసుంటరు కాకా?"

"ఆఖరి బంతిల."

"మరి?"

మా వైపు పెళ్లిళ్లలో అంతే. వచ్చినవాళ్లు బంతి తర్వాత బంతి కూర్చుని తిని లేచాక, చిట్టచివరి వరసలో ఇంటివాళ్లు కూర్చుంటారు. ఆ వరస గురించి నాకు బాగా తెలుసు. అందుకే అన్నాను: "ఆఖరి బంతికి కూర ఉంటదో ఉండదో."

"చారన్న ఉంటది కాకా," అని తెర వైపు తిరిగింది.

ఆ మాట నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. పరాయివాళ్ల పేజీలన్నీ ఒక్కొక్కటిగా తెలుగులోకి వచ్చాయి. కాగితం నుంచి నాది కూడా తానే మళ్లీ కొట్టి పెట్టింది. వాళ్ల బాపు పేజీ దగ్గరికి వచ్చేసరికి దవాఖానకు పోయింది, తిరిగి రాలేదు.

దినాలకు ముందు ఆమె భర్త నన్ను పిలిచాడు. కంప్యూటరు తెరిచి ఉంది. తెర మీద మామ పేజీ, గీతల అక్షరాలు, జ్వరం సున్నాలు. ఆయన చేయి మౌసు మీద ఉంది.

"దినాల నాడు మామ రాసింది సదివిస్తనని ఆమె ఫోటో ముందల అనుకున్న కాకా," అన్నాడు. "బావి సంగతి నాక్కూడ తెల్సు. నాకు తెల్సినంత నేను కొడ్త."

"కొట్టి?"

"సేవ్ చేస్త."

"నీకు తెల్సింది నీ పేజిల రాసుకో. గిది మీ మామది," అన్నాను. నా గొంతు నేను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "చెయ్యి తియ్యి ముందు."

ఆయన చేయి తీశాడు. ఆమె చెప్పిన తీరులోనే నకలు తీశాం. ఆమె రాసి పెట్టిన ప్రోగ్రాము ఆ నకలు మీద నడిపాం. ఎంటర్ నొక్కే ముందు ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆమెకు కళ్లద్దాలుండేవి, ఆయనకు లేవు.

ఒక్క వరస తెలుగులోకి వచ్చింది:

"బిడ్డ రాయమన్నది గాబట్టి రాస్తున్న. తప్పులుంటె బిడ్డ దిద్దుకుంటది."

దాని కింద మళ్లీ గీతలూ సున్నాలూ. ఈ పేజీకి ఎన్ని బోర్డులు మారాయో ఆమెకు తెలిసేదేమో, మాకు తెలియదు.

"ఇంకోసారి ఒత్తాల్నా?" అని అడిగాడు ఆయన.

"వద్దు."

"మరి గిట్లనే ఉంచాల్నా కాకా? చూస్తుంటె పానం పోతున్నది."

"చెత్త కనవడితె బతికున్నట్టే అన్నది గదా."

ఆయన ఆ మాట విని తలుపు దాకా పోయి, అటు తిరిగి నిలబడ్డాడు.

దినాల నాడు ఆ ఒక్క వరసే చదివారు. తర్వాత ఏముందని ఎవరూ అడగలేదు, ఉన్నది అంతే అనుకున్నట్టున్నారు. భోజనాల్లో ఆయన అందరికీ తానే వడ్డించి ఆఖరి బంతిలో కూర్చున్నాడు. నేను అప్పటికే ఒకసారి తిన్నా, ఆయన పక్కన మళ్లీ కూర్చున్నాను. కూర ఉంది.

మేడం దగ్గర చదువుకుని ఇప్పుడు పట్నంలో ఉద్యోగం చేస్తున్న ఒకాయన సెలవు చూసుకుని వస్తానన్నాడు. అంతదాకా ఆ పేజీని ముట్టుకోవద్దని చెప్పాడు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు. ఈలోగా ఆమె భర్త రోజూ తోట నుంచి రాగానే దాన్ని తెరుస్తున్నాడు. ఏం చేస్తున్నవ్ అంటే, చూస్తున్న అంటాడు. చూడొద్దని ఎలా అంటాను? నాకు మాత్రం ఆయన చేయి మీదే గుబులు. ఒంటరి మనిషి, మంచి మనసు, ఊరుకోని చేయి.

నిన్న సాయంత్రం ఫోను చేశాడు. మామ పేజీ తెరిచి చూస్తుండగా కరెంటు పోయి కంప్యూటరు ఆగిపోయిందని చెప్పాడు.

"సేవ్ చేసినవా?" అని అడిగాను.

"లే," అన్నాడు.

"మంచిది," అన్నాను.