వంతెన ఇవతల వసంతకుమారి

వసంతకుమారక్క ఎవరినీ నమ్మేది కాదు. ఆవిణ్ణి నేను నమ్మేదాన్ని కాదు. లెక్క సరిపోయిందనుకోండి.

1984లో టెక్సాస్‌లోని మా లారెడోలో తెలుగువాళ్లందరినీ కూర్చోబెడితే ఒక వ్యాను నిండేది కాదు. వంతెన మీద నడిచి నది దాటితే అవతల మెక్సికో ఊరు. పింగాణీ సామాను చవక అని శనివారాలు ఆడవాళ్లం అటు వెళ్లేవాళ్లం. వెళ్లేముందు అక్క పాఠం ఉండేది. నరసాపురం వైపు మిషన్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగ్ అయిన మనిషి, ఇక్కడా అదే ఉద్యోగం. రోగుల్ని గదమాయించినట్టే మమ్మల్నీ గదమాయించేది.

"గొలుసులు ఇంట్లో పెట్టి వెళ్లండి. ఐస్ వేసిన డ్రింకులు ముట్టుకోవద్దు. టాక్సీ ఎక్కొద్దు, చీకటి పడకముందే నడిచి వచ్చెయ్యండి. గ్రీన్‌కార్డు లేనివాళ్లు అసలు వంతెన ఎక్కొద్దు. ఎవరు ఏ పొట్లం ఇచ్చినా మొయ్యొద్దు, దేవుడి మీద ఒట్టేసినా సరే!"

ఇన్ని చెప్పే మనిషి తను మాత్రం ఏనాడూ అటు అడుగు పెట్టలేదు. అడిగితే మోకాళ్ల నొప్పులనేది. వార్డంతా పరుగులు పెట్టే మనిషికి మోకాళ్ల నొప్పులా!

అలాంటిది ఒక శనివారం నన్ను పక్కకి పిలిచి, గుడ్డలో కట్టిన మూట చేతిలో పెట్టింది.

"రాధా, మార్కెట్ వెనక చెప్పుల షాపు మేడ మీద ఆశీర్వాదం అని ఉంటాడు. ఇచ్చెయ్. విప్పొద్దు. ఇన్నాళ్లూ మీతో వచ్చే జయంతి ఇచ్చేది, ఇప్పుడు వెళ్లనంటోంది."

"పొట్లాలు మొయ్యొద్దని నువ్వే కదక్కా చెప్పావు?"

"నాది వేరు."

వేరట! మత్తుమందా? ఆస్పత్రిలో కొట్టేసిన మందులా? దొరికితే జైలుకి పోయేదాన్ని నేను. వంతెన మధ్యలో ఆగి మూట విప్పేశాను. టిఫిన్ డబ్బాలో అన్నం, ఎండుచేపల ఇగురు. అయినా నమ్మకం కుదరక, కింద ఏం దాచిందోనని వేలు పెట్టి కెలికాను. కూరే.

తలుపు తీసిన ఆశీర్వాదం ఎవరో కాదు, అక్క ఇంట్లో ఫొటోలో చూసిన ఆవిడ మొగుడు! ఆయన ఇండియాలో ఉన్నాడని కదా మాకందరికీ చెప్పింది!

"ఊరికే చూసొద్దామని రెండేళ్ల కింద నడిచొచ్చానమ్మా. వీసా అయిపోయిందని మళ్లీ అటు రానివ్వలేదు. ఆమె గ్రీన్‌కార్డు కేసు నడుస్తోంది. మధ్యలో ఇటొస్తే కేసు పోద్ది. కార్డొస్తే ఆమె పేరు మీద నేనూ వెళ్లిపోవచ్చు. నాకు అదొక్కటే దారి" అని కళ్లు తుడుచుకున్నాడు.

నాకు ఎంత జాలేసిందో! అక్కని అనుమానించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

అంతలో లోపల్నుంచి ఒకావిడ వచ్చి బల్ల మీద రెండు కంచాలు పెట్టింది. అడ్డంగా ఉన్న ఆయన చెప్పుల్ని కాలితో పక్కకి నెట్టింది. కూర వడ్డించి, డబ్బా కడిగి తెచ్చి నాకిచ్చింది. ఆయన తల ఎత్తలేదు. ఛీ, ఏం మనిషి!

తిరిగొచ్చేసరికి అక్క వంతెన ఇవతల బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఒక్కడే ఉన్నాడా?"

"ఒక్కడేనక్కా" అన్నాను నేల చూస్తూ.

"జయంతీ ఇలాగే నేల చూస్తూ చెప్పింది." డబ్బా మూత తీసి లోపల వేలితో రాసి చూసింది. "మా ఆయన తిన్న కంచం తియ్యడు రాధా. ఈ డబ్బా మూడు నెల్లుగా తోమి వస్తోంది. పోనీ, ఇద్దరికీ సరిపోతోందా?"

నేను ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. సోమవారం డ్యూటీకి సెలవు పెట్టి లాయరు దగ్గరికి వెళ్లింది. కేసులోంచి మొగుడి పేరు తీసేయించింది.