ఢిల్లీకి రెండు గంటలే

మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో ఎయిర్‌పోర్టు బస్సు కోసం నిలబడినప్పుడు, పక్కనున్న అమ్మాయి ఫోన్‌లో ఎవరితోనో "ఢిల్లీ ఎంత దూరమే, రెండు గంటలే గదా" అంటుంటే, ఇన్నేళ్లు గడిచినా నా మనసు చివుక్కుమంది. ఆ మాట నేను మొదటిసారి మా మరదలి, అదే మా తమ్ముడి భార్య నోట విన్నాను. ఆ రోజు కలిగినంత అసూయ నాకు మరెవరి మీదా, ఎన్నడూ కలగలేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. మాది నల్లగొండ వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. తమ్ముడు మాత్రం తన ఆఫీసులో పనిచేసే కోస్తా అమ్మాయిని పెళ్లి చేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం పెట్టాడు. అమ్మ త్వరగా పోవడంతో, చెల్లెలికి జడలు వేయడం దగ్గర నుంచి పెళ్లి చేసి పంపడం దాకా అన్నీ నా చేతుల మీదుగానే జరిగాయి. అది భర్త ఉద్యోగం వల్ల ఢిల్లీలో ఉండేది. తొలి కాన్పుకు ఇక్కడికి ప్రయాణం వద్దని డాక్టరు చెప్పినప్పుడు, నేనే వస్తానని, బిడ్డను అందరికంటే ముందు నేనే ఎత్తుకుంటానని మాటిచ్చాను.

కారప్పొడి, నువ్వులనూనె, పొత్తిళ్లకు మెత్తటి పాత చీరలు మూటగట్టుకుని, నెలలు నిండడానికి ముందే రైలెక్కాను. కాజీపేట చేరకముందే రైల్‌రోకో. పట్టాల మీద జెండాలు, డప్పులు, పాటలు. మా చౌరస్తాలో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను గనుక, ఎవరిని తిట్టుకోవాలో తెలియక కిటికీ పక్కన అలాగే కూర్చుండిపోయాను. అక్కడుండగానే తమ్ముడు ఫోన్ చేసి, చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయని, మరదలు విమానంలో బయల్దేరిందని చెప్పాడు.

మర్నాడు సాయంత్రం వాచిన కాళ్లతో నేను ఆసుపత్రికి చేరేసరికి, పాప మరదలి ఒళ్లో నిద్రపోతోంది. చెల్లెలు కళ్లనీళ్లు పెట్టుకుని, "వదిన రాకుంటే నేనేమైపోదునో అక్కా" అన్నది. ప్రయాణం ఎట్ల జరిగిందని మర్యాదకు మరదలిని అడిగితే, "ఎంతండీ వదినగారూ, రెండు గంటలేగా! కాస్త కునుకు తీసేలోపు వచ్చేసింది" అంది. నేను ఎత్తుకోగానే గుక్కపట్టి ఏడ్చిన పాప, మళ్లీ ఆమె చేతుల్లోకి వెళ్లగానే ఊరుకుంది.

ఆమె ఉన్నన్నాళ్లూ పొత్తిళ్లు చుట్టే తీరు దగ్గర నుంచి పోపు పెట్టే తీరు దాకా అన్నిటికీ వంకలు వెతికాను. ఆమె చేసిన చారును చెల్లెలు ఇష్టంగా తింటుంటే నాకు ముద్ద దిగేది కాదు.

సెలవు అయిపోయి వెళ్లే రోజున, మరదలు పాపను నా చేతికిచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. పెళ్లయి చాలా ఏళ్లయినా ఆమెకు పిల్లలు కలగలేదు.

"మీరు అదృష్టవంతులండీ, నెలంతా దీనితోనే ఉంటారు. నేనేమో రెండు గంటల్లో అక్కడుంటాను, పిల్లలు లేని ఇంట్లో" అంది.

నా మీద ఆమెకూ అసూయ ఉండొచ్చని నాకు ఎన్నడూ తోచలేదు. ఆమె మెట్లు దిగబోతుంటే, "జర ఆగమ్మా" అని పిలిచి, ఆటో వచ్చేదాకా పాపను మళ్లీ ఆమెకే ఇచ్చాను.

ఇప్పుడు నేనూ విమానంలోనే పోతున్నాను. ఆ పాప పెద్దదైంది, ఏ కబురున్నా ముందు అత్తకే ఫోన్ చేస్తుంది, పెద్దమ్మకు ఆ తర్వాతే. అది నాకు ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది. కానీ ఎవరింటికైనా నెల రోజులుండేలా మూటలు కట్టుకుని ఎవరం పోతున్నాం? దిగిన దగ్గర నుంచీ తిరుగు ప్రయాణం గురించే ఆలోచన. ఒక పసిగుడ్డు కోసం ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఇంట్లో మసలుతూ, ఒకరిని చూసి ఒకరు కుళ్లుకునేంత తీరిక ఆ రోజులతోనే పోయింది.