చిల్లు లేని పెట్టె

కృపావరం మాస్టారు కొత్త వస్తువేదైనా ఎలా పనిచేస్తుందని ఎప్పుడూ అడగలేదు. ఎలా చెడిపోతుందని అడిగేవారు.

బందరులో సైన్సు మాస్టారుగా రిటైరయ్యాక, చేతికొచ్చిన డబ్బును కొత్త పనిముట్లు కనిపెట్టేవాళ్ళ దగ్గర వాటాగా పెట్టడం ఆయనకు అలవాటైంది. చిలకలపూడిలో నగలకు బంగారు పూత పట్టించే తొట్టి చేసినవాడికీ, రేడియో బ్యాటరీలు ఛార్జి చేసే కొట్టు పెడతానన్నవాడికీ ఒకటే ప్రశ్న. చెడిపోదన్నవాడికి కాఫీ ఇచ్చి పంపేసేవారు. చర్చికి కొత్త గోడగడియారం తెచ్చినప్పుడు పాస్టరుగారినీ వదల్లేదు. మనవరాలికి సంబంధం తెచ్చిన పెద్దమనిషిని పెళ్ళికొడుకు గురించి అదే అడిగితే, ఆయన కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు.

1958 వేసవిలో గిలకలదిండి నుంచి అంకమ్మరావు అనే జాలరి ఒక పెట్టె బొమ్మ గీసిన కాగితం పట్టుకుని వచ్చాడు. పొద్దున పట్టిన చేప బస్సులో గుడివాడ బజారు చేరేసరికి మెత్తబడి, అడిగిన ధరకు ఇచ్చేయాల్సి వస్తోంది. అందుకని రెండు రేకు పెట్టెలు, ఒకదానిలో ఒకటి, మధ్యన ఊక, లోపల ఐసు. దాని కోసం తన వల అమ్మేశాడు. ఇది కుదరకపోతే ఇక పరాయి పడవలో కూలికి వెళ్ళడమే.

"ఎలా చెడిపోతుందయ్యా?" అన్నారు మాస్టారు.

అంకమ్మరావు చాలాసేపు ఆలోచించి, తాడు తెగి బస్సు టాపు మీంచి పడొచ్చన్నాడు. ఆ జవాబు మాస్టారికి నచ్చింది. వాటా డబ్బు ఇచ్చారు.

పెట్టె తయారైంది. పడవకు పూసినట్టే అతుకులన్నిటికీ తారు పూశాడు అంకమ్మరావు. చుక్క నీరు బయటికి రాదు. ఆ గొప్ప ఊరంతా చెప్పుకున్నాడు. మొదటి రోజున గుడివాడలో మూత తీస్తే, కరిగిన ఐసు బయటికి పోయే దారి లేక, చేపలన్నీ గోరువెచ్చటి నీళ్ళలో ఉబ్బి తేలుతున్నాయి. బజారు బజారంతా ముక్కు మూసుకుంది.

మూడు రోజులు అంకమ్మరావు మాస్టారి వీధి తప్పించి తిరిగాడు. నాలుగో రోజున ఆయనే గొడుగేసుకుని గిలకలదిండి వచ్చేశారు. అంకమ్మరావు భార్య కొండమ్మ పీట వేసింది.

"చిల్లు పెట్టలేదండీ," అన్నాడు అంకమ్మరావు తలెత్తకుండా. "మా తాతల నాటి నుంచీ అడుగున చిల్లు పూడ్చడమే గానీ పెట్టడం ఎరగమండీ."

మాస్టారు తృప్తిగా తలూపి, జేబులోంచి కవరు తీశారు. "ఇది నీదే. నీ పెట్టెకని అనుకున్న డబ్బులో మొదట్లోనే సగం తీసి ఉంచాను."

"ఎందుకండీ?"

"మొదటిసారి చెడిపోతుందిగా. ఎలా చెడుతుందని అడిగేది దేనికనుకున్నావు? రెండోసారికి ఎంత దాచాలో తెలియాలిగా నాకు."

ఆ తొట్టివాడికీ, బ్యాటరీలవాడికీ కూడా ఇలాంటి కవర్లు అందాయని అంకమ్మరావుకు తర్వాత తెలిసింది.

కొత్త పెట్టె అడుగున మేకు పెట్టి సుత్తి ఎత్తాడే గానీ అతని చెయ్యి ఆడలేదు. చివరికి కొండమ్మ సుత్తి లాక్కుని ఒక్క దెబ్బ వేసింది. వారం తిరక్కుండా చేపలు మంచులో పెట్టినవి పెట్టినట్టే గుడివాడలో దిగాయి.

దారి పొడవునా టాపు మీంచి చేప నీళ్ళు కిటికీలోకి కారాయని మాత్రం కండక్టరు రేగిపోయాడు. పెట్టెతో పాటు టాపు మీద వచ్చిన అంకమ్మరావు కిందికి దిగి దణ్ణం పెడుతూ, ఎవరి మీద పడ్డాయో చూసి కాళ్ళు పట్టుకుందామని బస్సులోకి ఎక్కాడు. ఆ కిటికీ పక్కన మాస్టారు ఒక్కరే ఉన్నారు. బందరులోనే పెట్టె ఎక్కడ కట్టారో చూసుకుని, టిక్కెట్టు కొని సరిగ్గా దాని కింది సీట్లో కూర్చున్నారట. చొక్కా నిండా పొలుసులు.

"బాగా కారుతోందయ్యా," అన్నారు సంతోషంగా.