ప్రొటీన్‌కు వేసిన కొసరు

మాది దేవరకొండలో కిరాణా దుకాణం. తూకమయ్యాక కొసరు వేయనిదే నా చెయ్యి ఊరుకోదు. షాద్‌నగర్ దగ్గరి ల్యాబ్‌లో చేరిన కొత్తలో, మందు అతుక్కుంటే ప్రొటీన్ ఆకారం మారుతుందో లేదో ఎక్స్‌రేలతో చూడాల్సి వచ్చింది. మెషిన్ మాకు దొరికింది గంటసేపే. ఆర్నెల్ల కష్టం రెండు ట్యూబుల్లో ఉంది. మొదటిదాంట్లో కొలిచిన మందు వేసి, గట్టిగా అతుక్కోవాలని ఇంకో చుక్క వేశాను. పాలు విరిగినట్టు ప్రొటీన్ ముద్దకట్టింది.

"ఏం చేసినవే?" సీనియర్ షాహీనక్క అరిచింది.

"కొసరేసిన అక్కా."

"గిది మీ బాపు దుకాణమా? ఉన్నది గదొక్కటే, జర సూసి కలుపు!"

రెండోదాంట్లో కొలిచినంతే కలిపాను. మెషిన్‌లో పెట్టగానే ఎక్స్‌రేల గీత తెర మీదికి వచ్చింది. మందు కలపకముందు తీసిపెట్టుకున్న గీతకంటే అది వేరుగా వంగింది. ప్రొటీన్ మందును పట్టుకుని ముడుచుకుంది.

కొసరు నా ఉదారగుణం అనుకునేదాన్ని. గిరాకీ జారిపోతుందన్న భయమని, మందు జారిపోతుందేమోనని చుక్క వేసిన ఆ గంటలో తెలిసింది.